35 డాలర్ల కారు 50 ఎలా అవుతుంది: అమెరికా ఎయిర్‌పోర్టు అద్దె కార్ల మీద నా సమీక్ష

కన్సల్టింగ్ ఉద్యోగంలో సోమవారం తెల్లారగట్ల ఫ్లైటెక్కి గురువారం రాత్రికి ఇల్లు చేరాలి. మధ్యలో అద్దె కారే దిక్కు. ఏళ్ళ తరబడి ఇదే బతుకు కాబట్టి ఇక్కడున్న పెద్ద కంపెనీల కార్లన్నీ తిప్పేశాను. కార్ల మీద నాకు పెద్ద ఫిర్యాదేమీ లేదు. శుభ్రంగా ఉంటాయి, కొత్తవే ఇస్తారు, మెంబర్‌షిప్ ఉంటే కౌంటర్‌తో పనే లేదు, లాట్‌లోకి వెళ్ళి నచ్చింది తీసుకుని గేటు దాటేయడమే. అసలు గొడవంతా బిల్లుతోనే. అందుకే ఈ సమీక్ష కారు గురించి తక్కువ, బిల్లు గురించి ఎక్కువ.

ముందు మన చేతిలో లేనివి. హ్యూస్టన్ సంగతి చూడండి. వెబ్‌సైట్‌లో రోజుకి 35 డాలర్లని కనిపిస్తుంది. కంపెనీ తన రాబడిలో పదో వంతు ఎయిర్‌పోర్టుకి కట్టాలి. ఆ భారం మన మీద వేస్తుంది. అలా వేసిన సొమ్ము కూడా రాబడిలోకే వస్తుంది కాబట్టి దాని మీదా వాటా కట్టాలి, అదీ మన మీదే. అందుకే బిల్లులో కన్సెషన్ రికవరీ ఫీజు 10 శాతం కాకుండా 11.11 శాతం అని విచిత్రంగా కనిపిస్తుంది. ఆపైన రెంటల్ సెంటర్ బిల్డింగూ షటిల్ బస్సుల ఖర్చుకి రోజుకి కొన్ని డాలర్లు. ఆపైన 30 రోజుల్లోపు అద్దెకి టెక్సస్ రాష్ట్రం పన్ను 10 శాతం. ఆపైన స్టేడియాల కోసం హారిస్ కౌంటీ-హ్యూస్టన్ స్పోర్ట్స్ అథారిటీ అనే సంస్థకి ఇంకో 5 శాతం. క్రికెట్ తప్ప ఇంకేదీ చూడని మనం కూడా అక్కడి బేస్‌బాల్ మైదానానికి చందాదారులమే! అన్నీ కలిపితే 35 కాస్తా 50 దగ్గర తేలుతుంది. ఇందులో మోసమేమీ లేదు, బుకింగ్ చివరి పేజీలో అంతా ఉంటుంది. కాకపోతే 2025 మేలో అమల్లోకి వచ్చిన ఎఫ్‌టీసీ (వినియోగదారుల హక్కులు చూసే కేంద్ర సంస్థ) నిబంధన, మొత్తం ధర ముందే చూపించాలన్నది, షోల టికెట్లకీ హోటళ్ళ లాంటి బసలకీ మాత్రమే. అద్దె కార్లకి వర్తించదు. కాబట్టి మొదటి పేజీ అంకె చూసి కంపెనీలని పోల్చకండి.

ఇక కౌంటర్. మనవాళ్ళలో ఎక్కువమంది భయపడేది ఇక్కడే, నిజానికి అంత భయపడక్కర్లేనిదీ ఇక్కడే. ఎందుకంటే ఇక్కడ అడిగేవన్నీ వద్దనగలిగినవే. "మీ సామాన్లకి ఈ కారు సరిపోదు సార్, రోజుకి పన్నెండు డాలర్లే ఎక్కువ" అంటారు. సరిపోతుంది. పెట్రోలు ముందే కొనేయమంటారు. ట్యాంకులో మిగిలింది వాళ్ళదే అవుతుంది, వద్దు. పిల్లల సీటుకి రోజుకి పది పదిహేను డాలర్లు అడుగుతారు. వారం అద్దె డబ్బుతో కొత్త సీటే కొనుక్కోవచ్చు. పైగా ఇక్కడి పెద్ద ఎయిర్‌లైన్స్ పిల్లల సీటుని చెకిన్‌లో ఉచితంగానే తీసుకుంటాయి, ఇంట్లోది పట్టుకెళ్ళండి. రెండో డ్రైవరు ఛార్జీకి మందు కాస్ట్‌కో ట్రావెల్, అంటే మెంబర్లకే అమ్మే కాస్ట్‌కో స్టోరు వాళ్ళ బుకింగ్ సైటు. అందులో బుక్ చేస్తే రెండో డ్రైవరు ఉచితం, క్యాన్సిల్ చేసినా ఖర్చు లేదు. బియ్యం బస్తా కోసం తీసుకున్న మెంబర్‌షిప్ ఇక్కడ కూడా పనికొస్తుందని చాలామందికి తెలీదు.

ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగాలి. కారు దెబ్బతిన్నా ఖర్చు మన మీద పడకుండా రోజుకి పాతిక ముప్పై డాలర్లకి అమ్మే డ్యామేజీ వెయివర్ వేరు, ఎదుటివాళ్ళకి తగిలితే కట్టే లయబిలిటీ వేరు. మంచి క్రెడిట్ కార్డులు మొదటిదాన్ని కవర్ చేస్తాయి. దానికి అద్దె మొత్తం ఆ కార్డు మీదే కట్టాలి, కంపెనీ వెయివర్ వద్దనాలి. లయబిలిటీని ఏ కార్డూ కవర్ చేయదు. ఇక్కడ సొంత కారుండి పాలసీ ఉన్నవాళ్ళకి సాధారణంగా అదే అద్దె కారుకీ వర్తిస్తుంది. ఇండియా నుంచి చుట్టపుచూపుగా వచ్చి, ఇక్కడ ఏ పాలసీ లేకుండా నడిపేవాళ్ళు మాత్రం లయబిలిటీ తీసుకోవాల్సిందే. నాలుగు డాలర్లకి కక్కుర్తి పడే చోటు కాదిది.

అసలు జేబుకి చిల్లు పడేది కారు అప్పగించేసి ఇంటికొచ్చాక, రెండు మూడు వారాలకి. మొదటిది టోల్. ఓర్లాండోలో ఎయిర్‌పోర్టు నుంచి హోటల్‌కి వెళ్తూ రెండు డాలర్లు కూడా లేని టోల్ ఒకటి దాటాను. మిగతా రోజులన్నీ కారు హోటల్ పార్కింగ్‌లోనే ఉంది. తర్వాత కార్డు మీద పడింది చూస్తే టోల్‌తో పాటు కారు నా దగ్గరున్న ప్రతి రోజుకీ "సౌకర్యం ఫీజు". కంపెనీని బట్టి ఇది రోజుకి కొన్ని డాలర్ల నుంచి సుమారు పది డాలర్ల దాకా ఉంటుంది. కొందరు టోల్ దాటిన రోజుకే వేస్తారు, కొందరు ఒక్కసారి దాటితే చాలు అద్దె రోజులన్నిటికీ వేస్తారు. ఒప్పందంలో ఇంకేం చదవకపోయినా ఈ ఒక్క పేరా చదవండి. ఓర్లాండోలోనే దీనికి విరుగుడు కూడా ఉంది. అక్కడి ఎక్స్‌ప్రెస్‌వే అథారిటీ ఎయిర్‌పోర్టులోనే మెషీన్ పెట్టి విజిటర్ టోల్ పాస్ ఉచితంగా ఇస్తుంది. యాప్‌లో కారు నంబరు కొట్టి, లోపలి మిర్రర్‌కి తగిలించుకుని, వెళ్ళేటప్పుడు డబ్బాలో వేసి రావడమే. టోలు మాత్రం కడతాం, రోజువారీ ఫీజు ఉండదు.

అమ్మానాన్న విజయవాడ నుంచి వచ్చినప్పుడు, అక్కావాళ్ళతో కలిపి ఏడుగురం న్యూవార్క్‌లో పెద్ద వ్యాను తీసుకుని పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళాం. పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీద డబ్బు తీసుకునే మనిషే ఉండడు, నంబర్ ప్లేటు ఫొటో తీసి బిల్లు పంపుతారు. ఆ రేటు ఈజీపాస్ (అకౌంట్ నుంచి టోల్ దానంతటదే కట్టే చిన్న పరికరం) రేటు కన్నా చాలా ఎక్కువ. అందుకని మా కారులోని ఈజీపాస్ ఊడబీకి తీసుకెళ్ళాను, అకౌంట్‌లో వ్యాను నంబరు చేర్చాను. అద్దె వ్యాను అద్దం మీద, మిర్రర్ వెనక, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద తెల్ల డబ్బా ఒకటి ఉంది. దాని మూత పక్కకి జరిపితే కంపెనీ టోల్ పరికరం పనిచేస్తుంది, మూసేస్తే లేదు. నాకు దొరికినప్పుడు అది సగం తెరిచి ఉంది! చప్పుడయ్యేదాకా మూశాకే బయల్దేరాం. "దానిలో ఏముందిరా అంత జాగ్రత్తగా చూస్తున్నావు" అని నాన్న అడిగితే, డబ్బులున్నాయి నాన్నా, మనవే అన్నాను. కారు తిరిగిచ్చిన రోజే ఆ నంబరు అకౌంట్ నుంచి తీసేయాలి సుమా. లేకపోతే తర్వాత అద్దెకి తీసుకున్నవాడి టోళ్ళు కూడా మనమే కడుతుంటాం.

రెండోది డ్యామేజీ ఉత్తరం. ఫీనిక్స్ నుంచి వచ్చిన కొన్నాళ్ళకి నాకొకటి వచ్చింది. వెనక బంపరు కింద గీత ఉందట. రిపేరు ఖర్చు, రిపేరులో ఉన్నన్నాళ్ళూ అద్దెకివ్వలేకపోయిన నష్టం, ఆఫీసు ఖర్చు, మూడూ విడివిడిగా రాసి, కింద మొత్తం వేసి పంపారు. మర్యాదైన భాష, గడువు దగ్గర. ఏ కారు తీసుకున్నా గేటు దాటకముందే నేనొక వీడియో తీస్తాను. గ్యారేజీలో వెలుతురు ఉండదు కాబట్టి ఫోన్ టార్చి వేసి, నంబర్ ప్లేటు దగ్గర మొదలుపెట్టి కారు చుట్టూ తిరుగుతాను. నాలుగు చక్రాల రిమ్ములు, బంపర్ల కింది అంచు, ముందద్దం, పైకప్పు, చివర మైలేజీ, పెట్రోలు ముల్లు. ఆ వీడియోలో పార్కింగ్ స్తంభం మీది నంబరుతో సహా గీత స్పష్టంగా ఉంది. రెండు వాక్యాలు రాసి వీడియో పంపాను. ఫోన్ చేసి వాదించలేదు, ఫోన్‌లో మాట్లాడిందానికి రుజువుండదు. వారం తిరిగేసరికి క్లెయిమ్ మూసేశామని ఒక్క లైను మెయిలొచ్చింది. క్షమాపణ అడక్కండి, ఉండదు.

ఇప్పుడిది ఇంకా ముఖ్యం. 2025లో హెర్ట్జ్ అట్లాంటా ఎయిర్‌పోర్టులో మొదలుపెట్టి కెమెరా స్కానర్లు తెచ్చింది. మనిషి కంటికి ఆనని చుక్కంత సొట్టని కూడా యంత్రం పట్టేస్తుంది. వాళ్ళ దగ్గర ఫొటోలున్నప్పుడు మన దగ్గరా ఉండాలి. అర్ధరాత్రి తాళాలు డబ్బాలో పడేసి వెళ్ళేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. పొద్దున మనిషొచ్చి కారు చూసుకునేదాకా బాధ్యత సాధారణంగా మనదే. వీలైతే మనిషున్న వేళకి ఇచ్చి, రసీదు మెయిల్‌కి వచ్చాకే షటిల్ ఎక్కండి. ఉత్తరంతో పనిలేకుండా నేరుగా క్రెడిట్ కార్డు మీద వేసేస్తే, ఆ ఛార్జీ కనిపించిన మొదటి స్టేట్‌మెంట్ బ్యాంకు పంపిన 60 రోజుల్లోపు బ్యాంకుకి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే హక్కు చట్టంలోనే ఉంది. ముందు కంపెనీకి రాయండి, వారం పది రోజుల్లో కదలిక లేకపోతే బ్యాంకుకి వెళ్ళండి. 60 రోజులూ కంపెనీ మెయిళ్ళలో కరిగిపోనివ్వకండి.

పెట్రోలు, టైము చిన్న విషయాలు. ఎయిర్‌పోర్టుకి దగ్గర్లో నింపి రసీదు ఫొటో తీసుకోవాలి. కొన్ని కంపెనీలు 75 మైళ్ళలోపు తిరిగితే రసీదు చూపించమంటాయి, లేకపోతే ఫీజు. టైముకి మామూలుగా 29 నిమిషాల మినహాయింపు ఉంటుంది, ముప్పయ్యో నిమిషం నుంచి గంటల లెక్క. వారం రేటుకి తీసుకుని ముందే ఇచ్చేస్తే మిగిలిన డబ్బు వెనక్కి రాదు సరికదా, రోజు రేటుకి మార్చి ఎక్కువ వేసే అవకాశం కూడా ఉంది. ముందే ఫోన్ చేసి అడగాలి.

వారం పైన ఉండేట్టయితే నేను ఎయిర్‌పోర్టులో తీసుకోవడమే మానేశాను. అదే కంపెనీకి ఊళ్ళో ఉన్న బ్రాంచిలో ఆ 11.11 శాతమూ ఉండదు, బిల్డింగు ఫీజూ ఉండదు. లిఫ్ట్ (Lyft) క్యాబ్‌లో అక్కడికి వెళ్ళిన ఖర్చు రెండు మూడు రోజుల అద్దెలోనే తిరిగొచ్చేస్తుంది. ఒకటే చిక్కు: చాలా బ్రాంచిలు ఆదివారం తెరవవు, శనివారం మధ్యాహ్నానికే మూసేస్తారు. గురువారానికే తిరిగొచ్చేసే వారాల్లో మాత్రం ఇప్పటికీ ఎయిర్‌పోర్టు కారే తీసుకుంటున్నాను, బిల్లు ఆఫీసుదే కాబట్టి.