ఎర్ర లైట్ పెన్ జేబులో ఉండాల్సిందే, కానీ దాని మాట మొత్తం నమ్మొద్దు

డబ్బా మీద విజువల్ ఫాల్ట్ లొకేటర్ అని ఉంటుంది. ఇంటర్నెట్ నడిచే గాజు పోగుల కేబుళ్ల, అంటే ఫైబర్, పని చేసే మాకు మాత్రం అది ఎర్ర లైట్ పెన్. పోగులోకి ఎర్ర వెలుగు పంపి, లోపం ఎక్కడుందో చూపిస్తుంది. నేను వాడేది 10 మిల్లీవాట్ల రకం, రెండు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. ముందున్న 2.5 మిల్లీమీటర్ల రంధ్రంలో ఎస్‌సీ, ఎఫ్‌సీ, ఎస్‌టీ కనెక్టర్లు నేరుగా దిగుతాయి. ఎల్‌సీకి మొన సన్నం కాబట్టి విడిగా అడాప్టర్ కొనుక్కోవాలి. నెట్‌వర్క్ స్విచ్‌ల్లో పెట్టే ఎస్‌ఎఫ్‌పీలు (కరెంటు సిగ్నల్‌ని వెలుగుగా మార్చే చిన్న మాడ్యూళ్లు) దాదాపు అన్నీ ఎల్‌సీవే అయినప్పుడు ఆ చిన్న ముక్క డబ్బాలో పెట్టకపోవడం పిసినారితనమే.

పనితనానికొస్తే, మొన్న ఒక ర్యాక్‌లో లింకు అస్తమానం పడిపోతోందన్నారు. పరికరాలను కలిపే పసుపు ఫైబర్ తీగకు, అంటే ప్యాచ్ కార్డ్‌కు, పెన్ తగిలించి నొక్కితే, జిప్ టై బిగించిన చోట తొడుగు లోపలి నుంచి ఎర్రగా మెరిసింది. టై కత్తిరించి కార్డ్‌ని వదులుగా చుట్టాను, మెరుపు పోయింది. లింకు మళ్లీ పడలేదు.

అక్కడ జరిగిందేంటంటే, 125 మైక్రాన్ల గాజు పోగు నడుమ వెలుగు నడిచే దాదాపు 9 మైక్రాన్ల కోర్ ఉంటుంది. దాని వక్రీభవన గుణకం (వెలుగును వంచే గుణం) చుట్టూ ఉన్న క్లాడింగ్ అనే గాజు పొర కన్నా కాస్త ఎక్కువ. అందుకే ఏటవాలుగా గోడను తాకిన వెలుగు బయటికి పోకుండా లోపలికే తిరిగొస్తుంది. పోగుని మరీ వంచితే ఆ కోణం తప్పి వెలుగు కారిపోతుంది. లింకులో నడిచే 1310, 1550 నానోమీటర్ల కాంతి కంటికి కనపడదు కాబట్టి ఆ కారడం మనకు తెలీదు. పెన్ పంపేది 650, అది కనిపిస్తుంది.

పేర్లు రాయని 24 పోగుల కేబుల్లో మనకు కావాల్సిన పోగు ఏదో పట్టుకోవడానికి బ్లింక్ మోడ్‌కు మించింది లేదు. కరెంటు దీపాల వెలుతురులోనూ మిణుకు తెలిసిపోతుంది.

ఇక ఈ పెన్ వెలుగు 10 కిలోమీటర్లు వెళ్తుందని అమ్మేవాళ్లు చెప్పే మాట. నేనైతే రెండు మూడు కిలోమీటర్లకు మించి లెక్కలోకి తీసుకోను. తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ గాజులో కాంతి చెదరడం విపరీతంగా పెరుగుతుంది. 1550లో కిలోమీటరుకు 0.2 డెసిబెల్స్ పోతే, 650లో దానికి ఎన్నో రెట్లు పోతుంది. దారిలో 1:32 స్ప్లిటర్ (ఒక పోగు వెలుగును 32 పోగులకు పంచేది) ఉంటే ఇంకా తక్కువే మిగులుతుంది. నల్ల తొడుగున్న బయటి కేబుల్లో తెగినా మెరుపు బయటికి రాదు, జాయింట్ బాక్స్ విప్పి చూడాలి. దూరపు లైన్లకు, సముద్రం అడుగున వేసే కేబుళ్లకు ఓటీడీఆర్ (పోగులోకి వెలుగు పంపి, తిరిగొచ్చేదాన్ని బట్టి లోపం ఎంత దూరంలో ఉందో చెప్పే మీటర్) కావాల్సిందే.

అసలు చిక్కు వేరే ఉంది. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన ఒకాయన అవతలి చివర ఎర్రగా కనపడగానే "అయిపోయింది సార్" అని సంచి సర్దేశాడు. మోడెమ్ మీద సిగ్నల్ అందట్లేదని చెప్పే లాస్ లైటు వెలుగుతూనే ఉంది. చేరే వెలుగు బలం కొలిచే పవర్ మీటర్ పెడితే మైనస్ 30 డీబీఎం. ఇళ్లకిచ్చే మామూలు ఫైబర్ (జీపాన్) మోడెమ్‌లు మైనస్ 27 దాకానే ఓర్చుకుంటాయి, మైనస్ 30 అంటే అంతకన్నా బలహీనం. కనెక్టర్ మొనకు మురికి అంటింది, తుడిస్తే సరిపోయింది. పోగు తెగలేదని మాత్రమే పెన్ చెబుతుంది, ఎంత వెలుగు చేరుతోందో చెప్పదు. పైగా కొన్ని వంపుల దగ్గర ఎరుపు హాయిగా దాటిపోతుంది, 1550 మాత్రం దెబ్బతింటుంది.

నడుస్తున్న లైన్‌కు దీన్ని తగిలించొద్దు, వెలిగే మొనలోకి కన్ను పెట్టి చూడొద్దు. ఆఫీసు, కాలేజీ భవనాల మధ్య పనికి 10 మిల్లీవాట్లు చాలు, 30ది అక్కర్లేదు. మూత పెన్నుకే కట్టి ఉన్న మోడల్ తీసుకోండి. విడి మూతలు పోతాయి, లోపలి సిరామిక్ స్లీవ్‌లో దుమ్ము చేరి వెలుగు మందగిస్తుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన సన్న స్వాబ్‌తో తుడుస్తూ కూర్చోవాలి.