స్క్రోల్ సా కొనేటోళ్ళు మోటారు కాదు, పై క్లాంపు చూడండి

2022 దసరా ముందు కొన్న 16 అంగుళాల స్క్రోల్ సా (సన్న నమూనాలు కోసే కరెంటు రంపం) మీద ఇది రాస్తున్న. అప్పటి ధర పద్నాలుగు వేల చిల్లర. కంపెనీ పేరు చెప్పను. ఇదే అచ్చు మిషను రంగు మార్చుకొని నాలుగైదు పేర్లతోని అమ్ముడుపోతున్నది, అందులో ఒక్కరినే పట్టుకొని అనుడు న్యాయం కాదు. అప్పుడు కొత్త మోజులో రాస్తే అన్నీ పొగడ్తలే ఉండేవి. ఇప్పుడు మోటారుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు ఒక జత అరిగినయి, లెక్కలేనన్ని బ్లేడ్లు తెగినయి, కాబట్టి ఇగ చెప్పొచ్చు.

తెలియనోళ్ళ కోసం రెండు మాటలు. జిగ్ సా అయితే మిషనును పట్టుకొని చెక్క మీద నడిపిస్తం. ఇందులో మిషను ఉన్నకాడనే ఉంటది, పలకను మనం తిప్పాలె. 5 అంగుళాల సన్న బ్లేడు పైచెయ్యికి, కిందిచెయ్యికి నడుమ బిగిసి నిమిషానికి 400 నుంచి 1600 సార్లు పైకి కిందికి ఆడుతది. 16 అంగుళాలంటే బ్లేడుకు, వెనకాల స్తంభానికి నడుమ ఉన్న జాగ. నాది 120 వాట్లది, బల్ల 45 డిగ్రీల దాక వంగుతది. రెండు అంగుళాల మందం కోస్తదని డబ్బా మీద రాసిండ్రు. కోస్తది, అబద్ధం కాదు. కానీ టేకు ముక్క అంగుళం దాటిందంటే మిషనుకంటే ముందు మనమే అలిసిపోతం. తలుపులు, కుర్చీలు చేద్దామని దీన్ని కొనొద్దు. పేరు పలకలు, జాలీలు, బొమ్మలు, ముక్కలు కలిపే పజిళ్ళు, ఇదీ దీని లోకం.

ఇగ అసలు సంగతికి వస్త. కొనేటప్పుడు అందరూ వాట్లు అడుగుతరు, స్పీడు అడుగుతరు. ఈ పనికి మోటారు బలం అంతగా అక్కరలేదు. జాలీ పని అంటే లోపలి ఖాళీలు తీసుడు. ఒక్కో ఖాళీకి ముందుగాల డ్రిల్లుతోని చిన్న బెజ్జం పెట్టాలె. తర్వాత బ్లేడు బిగువు వదిలి, పై కొస ఊడదీసి, ఆ బెజ్జంలనుంచి దూర్చి, మళ్ళ పైచెయ్యి కొసన బ్లేడును పట్టే క్లాంపులో పట్టించి, బిగువెక్కించి, అప్పుడు కొయ్యాలె. ఆ ఖాళీ అయినంక మళ్ళ మొదటికి. నమూనాలో వంద ఖాళీలుంటే ఇది వందసార్లు. కోసే టైము కంటే ఈ ఊడదీసి పట్టించే టైమే ఎక్కువ. అందుకే చేతితోని తిప్పితే బిగిసే క్లాంపు ఉన్న మిషనుకు, ఆరు పలకల ఆలెన్ కీ అడిగే మిషనుకు నడుమ తేడా భూమికీ ఆకాశానికీ ఉన్నంత.

నా మిషనుది రెండో రకం. కొసలకు పిన్ను ఉండే బ్లేడ్లయితే నేరుగా కొక్కేనికి తగిలిస్తే సరిపోతది, కానీ ఆ పిన్ను దూరాలంటే దాదాపు 5 మిల్లీమీటర్ల బెజ్జం కావాలె. చిన్న హంస బొమ్మ కోస్తుంటే, దాని కంటి కాడ అంత బొక్క పెడితే తల ఎక్కడ ఉంటది? పిన్ను లేని బ్లేడుకు ఒకటిన్నర మిల్లీమీటరు చాలు. దానికోసం డబ్బాలో రెండు చిన్న ఇనుప దిమ్మెలు ఇచ్చిండ్రు, వాటి స్క్రూలకు ఆలెన్ కీ తిప్పుకుంట కూసోవాలె. పైగా స్క్రూ కొస నున్నగ ఉండి బ్లేడు మాటిమాటికి జారేది. చివరికి పై దిమ్మెకు అదే మరకు సరిపోయే రెక్కల స్క్రూ వరంగల్ బోల్టుల దుకాణంలో వెతికి పెట్టించిన. దాని కొసను ఆకురాయితోని కొంచెం గరుకు చేసిన. బ్లేడు కొసలను ఎమ్రీ కాగితంతోని ఒకసారి రుద్ది నూనె జిడ్డు తీస్త. అంతే, జారుడు బందయింది. రూపాయల్లో చూస్తే ఈ మార్పుకు అయింది చాయ్ ఖర్చే.

మా హనుమకొండలో ఈ పని మొదలుపెట్టినోళ్ళు ఎవరైనా ముందు కోసేది కాకతీయ కళాతోరణమే. ఇంటి గోడల మీద, ఆఫీసు బోర్డుల మీద, రాష్ట్ర చిహ్నంలో రోజూ చూసేదే కదా. వరంగల్ కోట లోపల నాలుగు దిక్కుల నిలబడ్డ ఆ తోరణాలను దగ్గరికి పోయి చూస్తే మాత్రం నమూనా గీసుడు ఎంత కష్టమో తెలుస్తది. పైన అటొక హంస, ఇటొక హంస. కింద వేలాడే తామర మొగ్గలు. అడ్డదూలం కింద వంకులు తిరిగిన దండలు. రాయిలో అది వెనక రాయి మీద చెక్కినపని, వెనక ఆధారం ఉంటది. మనం 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో ఇటునుంచి అటు తెగేటట్టు కోస్తం కాబట్టి ప్రతి మొగ్గ ఎక్కడో ఒకచోట పక్కదాన్ని పట్టుకొని ఉండాలె. లేకపోతే రాలి పొట్టులో పడుతది. నేను ఫోటో మీద గీసుకొని మొగ్గల కాడలను కావాలని లావు చేసిన, దండ వంపులను దూలానికి రెండు చోట్ల అతికినట్టు గీసిన. జిరాక్స్ దుకాణంలో ఏ3 కాగితం మీద తీయించుకుంటే ఒక అడుగు ఎత్తు తోరణం వస్తది.

కోసే వరుస కూడా ముఖ్యమే. బయటి గీత ఎప్పుడూ ఆఖరుకే. లోపలి ఖాళీల్లో కూడా చిన్నయి ముందు, పెద్దయి తర్వాత. పెద్ద ఖాళీ ముందే తీస్తే చుట్టూ చెక్క బలం తగ్గి, బ్లేడు పైకొచ్చిన ప్రతిసారి పలక దడదడ కొట్టుకుంటది. హంస మెడ దగ్గర స్పీడు 700, 800కు దించి, రెండు చూపుడువేళ్ళతోని పలకను బల్లకు అదిమి పట్టి, ముందుకు తోసుడు ఆపి, బ్లేడే ఇరుసు అన్నట్టు పలకను దాని చుట్టూ తిప్పాలె. అట్ల తిప్పితే ముక్కు కొస సూదిగ వస్తది. ఈ లోపలి మూల సూదిగ వచ్చుడే దీని గొప్ప. కంప్యూటరు నడిపే సీఎన్‌సీ రూటరు బిట్టు గుండ్రంగ ఉంటది కాబట్టి దాని లోపలి మూలలు ఎంత చేసినా గుండ్రంగనే వస్తయి.

లేజర్ సంగతి కూడా అడుగుతరు. పెండ్లి మండపాల పేర్లు కోసే లేజర్ దుకాణాలు ఇప్పుడు గల్లీకొకటి. అదే తోరణం వాళ్ళు కొన్ని నిమిషాల్లో తీసి చేతిలో పెడుతరు. పది కావాలంటే అక్కడికే పోండి, నేను కూడా అదే చెప్త. కానీ లేజర్ కోసిన అంచు నల్లగ మాడుతది, మందం టేకు దానికి పడదు. టేకు రంగు అంచు మీద కూడా కనపడాలంటే రంపమే దిక్కు.

తెలుగు అక్షరాలు కొయ్యాలనుకునేటోళ్ళకు ఒక ముచ్చట. మన ఒత్తులు అక్షరానికి అంటకుండ కింద విడిగా ఉంటయి, సున్నా పక్కన విడిగా ఉంటది. పేరును ఒకే ముక్కగ కొయ్యాలంటే ఇవన్నీ ఎక్కడో కలవాలె. నేను రామభద్ర లాంటి లావు ఫాంటు తీసుకొని, కింద ఒక పట్టీ గీసి, అక్షరాల పాదాలను, ఒత్తులను ఆ పట్టీలోకి దించుత. విడి అక్షరాలు కోసి వేరే పలక మీద ఫెవికాల్‌తోని అతికించేటోళ్ళకు ఈ తిప్పలు లేవు, వాళ్ళు మండలి లాంటి సన్న ఫాంటు కూడా వాడుకోవచ్చు. గుడి దీర్ఘం చివరి చుట్ట తిప్పేటప్పుడు 3వ నంబరు కంటే లావు బ్లేడు పెట్టొద్దు, 5వ నంబరు అక్కడ మలుగదు.

బ్లేడ్ల నంబర్లు 2/0 నుంచి 12 దాక ఉంటయి, నంబరు పెరిగిన కొద్దీ బ్లేడు లావు. 5వది సుమారు ఒక మిల్లీమీటరు వెడల్పు ఉంటది, రోజువారీ పనికి అదే. పలక కింది వైపు పోగులు లేవొద్దంటే కింది పళ్ళు కొన్ని తిరగేసి ఉండే బ్లేడు తీసుకోండి. బిగించేటప్పుడు మిషను చెయ్యి పూర్తిగ పైకొచ్చినంక ఆ తిరగేసిన పళ్ళు రెండు మూడు బల్ల మీదికి కనపడాలె, కనపడకపోతే దాని ఫాయిదా లేదు. బ్లేడు తయారీలో పళ్ళు చెక్కేటప్పుడు దానికి ఒకవైపు సన్నని గరుకు అంచు మిగులుతది, అందుకే చాలా బ్లేడ్లు గీత మీద నేరుగా పోకుండ కుడికి లాగుతయి. మిషను వంకర అనుకొని చాలామంది వాపసు చేస్తరు. పలకను కొద్దిగ ఓరగ పట్టి తోస్తే అయిపోతది, వారం రోజుల్లో చెయ్యికి అలవాటయితది. బిగువు చాలిందా లేదా అంటే వేలితోని మీటండి, ఖంగుమనాలె. బుస్సుమంటే వదులు.

డబ్బాలో వచ్చిన బ్లేడ్లు చెత్తబుట్టకే. స్విట్జర్లాండ్‌లో తయారయ్యే పెగాస్ బ్లేడ్లు తెప్పించుకున్నంకనే ఈ మిషను అసలు ఏం చేస్తదో తెలిసింది. ఖరీదే, నేను తెప్పించుకున్నప్పుడు ఒక్కోటి యాభై రూపాయల పైమాట, ఆన్‌లైన్‌లో తప్ప మన దగ్గర దొరకవు. టేకులో అరగంట నడిస్తే పదును పోతది, ఎందుకంటే టేకు కట్టెలోనే ఇసుక గుణమున్న సిలికా ఉంటది. ప్లైవుడ్‌లో జిగురు కూడా అట్లనే తింటది. అంచు మాడుతుంటే నమూనా మీద పార్శిల్ టేపు అంటించి కోసి చూడండి, మాడుడు చానా తగ్గుతది.

కట్టె విషయంలో నాకు నచ్చింది గుమ్మడి టేకు. మెత్తగ తెగుతది, ఎండినంక వంగదు. నలుపలకల ముక్కకు రెండు పక్కల నమూనా అంటించి, ఒక పక్క కోసి, తెగిన ముక్కలను టేపుతోని మళ్ళ చుట్టి, తొంభై డిగ్రీలు తిప్పి రెండో పక్క కోస్తే లోపలినుంచి అన్ని వైపులా ఆకారమున్న రామచిలక బయటికొస్తది. పిల్లలు దీన్ని ఎంతసేపైనా చూస్తరు. నిర్మల్ బొమ్మలు చేసే పొణికి కట్టె ముక్కలు ఒకాయన ఇస్తే అవీ కోసి చూసిన. బరువే ఉండదు, బ్లేడు దానిలో పోతుంటే చప్పుడు కూడా రాదు, కానీ వేగం ఎక్కువైతే అంచు నూగునూగు అవుతది. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి నిర్మల్‌లో వాడే చింతలక్కను మాత్రం అప్పటినుంచి నేను వదల్లేదు. సందులు నింపడానికి బజారు పుట్టీ కంటే మేలు, ఆరినంక ఎమ్రీ కొడితే కట్టెలో కలిసిపోతది. కట్టె నారను జిగురుతోని అదిమి చేసే ఎండీఎఫ్ పలకను నేను మానేసిన. ఆ సన్న దుమ్ము గొంతులోకి పోతది, మాస్కు లేకుండ దాన్ని ముట్టొద్దు.

మిషను లోపాలు ఇంకా ఉన్నయి. గీత మీది పొట్టు ఊదే గొట్టం ఒట్టి పేరుకే, దాని గాలికి ఈక కూడా లేవదు. గోదావరిఖనిలో సింగరేణి పని చేసే ఒక తమ్ముడు చేపల తొట్టి పంపు తగిలించమన్నడు. అదే ఇప్పటికీ ఊదుతున్నది. నడిమి స్పీడులో మిషను మొత్తం వణుకుతది. కిందింటి కిరాయి అమ్మ ఒకరోజు మెట్లెక్కి వచ్చి, "ఏం సారూ, వదినె కుట్టుమిషను కొన్నదా? పొద్దుగాల నుంచి మా కప్పు కొట్టుకుంటున్నది" అన్నది. వంటగట్టుకు వేయగా మిగిలిన గ్రానైటు బండ ముక్కకు బెజ్జాలు కొట్టించి, కింద సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టి, దాని మీద బిగించినంక ఆమె మళ్ళ రాలేదు. బ్రష్షులకు కంపెనీ వాళ్ళు రెండు నెలలు తిప్పిచ్చుకున్నరు. మోటారు వైండింగ్ దుకాణంలో కొంచెం పెద్ద సైజు బ్రష్షులు తీసుకొని ఎమ్రీ మీద రుద్ది సరిచేసి పెడితే అదే పూట నడిచింది. బల్ల డిగ్రీల గీతలను నమ్మొద్దు, సున్నా మీద పెట్టి మూలమట్టం ఆనించి చూసుకోవాలె.

బ్లేడు పక్కన పలకను బల్లకు అదిమే పాదాన్ని కూడా తీసేసిన, చూపుకు అడ్డం వస్తున్నది. పిల్లలున్న ఇంట్లో అయితే ఉంచండి.

మా పక్కవీధి వడ్లాయన మొదట్ల నవ్విండు. "సారూ, గీ పోగంత బ్లేడుతోని ఏం కోస్తరు?" అని. మొన్న పూజ మందిరం తలుపుకు ఓంకారం జాలీ కావాలని పలకలు పట్టుకొని ఆయనే వచ్చిండు. రెండు పలకలు టేపుతోని జతచేసి ఒకేసారి కోస్తే రెండు రెక్కలకు ఒకే కొలత వచ్చింది. ఆయన అంచు మీద వేలు నడిపి, "దీనికి ఎమ్రీ కూడా అక్కర్లేదు" అన్నడు. పొగడ్త ఆయన నోట అంతకు మించి రాదు.

దుకాణంలో చూసి కొనే వీలుంటే ఒక పిన్ను లేని బ్లేడు జేబులో పెట్టుకొని పోండి. మిషను ఆన్ చేసి చూపిస్త అంటరు, అది కాదు చూడాల్సింది. కరెంటు లేకుండనే పై కొస ఊడదీసి మళ్ళ మీరే పట్టించండి. పనిముట్టు లేకుండ, అర నిమిషం లోపల అయితే డబ్బులియ్యండి. పాత మిషను దొరికితే పైచెయ్యిని పక్కలకు ఊపి చూడండి, కటకటమంటే బేరింగులు పోయినట్టు, బేరమాడినా లాభం లేదు. మిగిలిన పైసలతోని కాలుతోని నొక్కే స్విచ్చు ఒకటి తీసుకోండి. రెండు చేతులు పలక మీద ఉండంగ మిషను ఆపుకోవచ్చు, జాలీ పనిలో బ్లేడు తెగినప్పుడు దాని విలువ తెలుస్తది.