నీవా ఏట్లో పాత సీసాలకు మేస్త్రీ జల్లెడ

చిత్తూరు మీదుగా పారే నీవా ఏటి ఇసుకలో పాత సీసాలు వెతకడానికి, బజార్లో మేస్త్రీలు కొనే ఇసుక జల్లెడ చాలు. పావు అంగుళం కళ్లున్నది తీసుకుంటే నాణేలూ జారిపోవు. తడి ఇసుకను గట్టున జల్లిస్తే కళ్లు పూడిపోతాయి. నీళ్లలో సగం ముంచి ఊపాలి. నిండా పోస్తే చెక్క చట్రం మేకులు ఊడొస్తాయి, దీని అసలు లోపం అదే. కొన్నరోజే మూలలకు బోల్టులు వేయించండి. ఇనప జాలీ తుప్పు పడుతుంది, స్టీలుదే నయం.

మందు సీసాపై అచ్చు గీత (అచ్చు ముక్కలు కలిసిన చోట గాజుపై పడే గీత) మూతి దాకా పోకుండా మెడ దగ్గరే ఆగిందా? అయితే పాతదే కావచ్చు. గోలీసోడా సీసాలంటారా, అవి మొన్నమొన్నటి దాకా వాడినవే, తొందరపడి మురిసిపోకండి. దొరికిన సీసాను వేడినీళ్లలో వేస్తే పగలొచ్చు. పది రూపాయల విలువ దాటిన నిధి ఏదైనా దొరికితే 1878 చట్టం ప్రకారం కలెక్టరుకు చెప్పాల్సిందే.