పెద్ద టేబుల్ స్లో అయింది: ఇండెక్సా, పార్టిషనా, పెద్ద సర్వరా?

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో మా ఆర్డర్ల టేబుల్‌లో కోట్ల రోలు (వరుసలు) ఉన్నాయి, రాతలూ చదవడాలూ రోజంతా నడుస్తూనే ఉంటాయి. స్లో అయిందనగానే ఒకరు ర్యామ్ పెంచుదాం అన్నారు, ఇంకొకరు పార్టిషన్ (టేబుల్‌ని ముక్కలుగా విడగొట్టడం) అన్నారు, నేనేమో ఇండెక్స్ (పుస్తకం చివరి సూచికలాగా, కావాల్సిన రో ఎక్కడుందో చెప్పేది) అన్నా. మూడూ చేశాం కాబట్టి చెప్తున్నా, ముందు ఇండెక్సే.

ఒక కస్టమర్‌వి పది ఆర్డర్లు తేవడానికి టేబుల్ మొత్తం చదువుతుంటే మెషిన్ ఎంత పెద్దదైనా ఆ చదివే పని తగ్గదు కదా. పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ (pg_stat_statements, ఏ క్వెరీకి ఎంత టైమ్ పట్టిందో లెక్కపెట్టే ఎక్స్‌టెన్షన్) పెట్టి మొత్తం మీద ఎక్కువ టైమ్ తింటున్న క్వెరీలేవో (డేటా అడిగే కమాండ్లు) పట్టుకోండి, వాటి మీద ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ (EXPLAIN ANALYZE, క్వెరీ ఎలా నడిచిందో చూపే కమాండ్) కొట్టండి. మాకు సీక్వెన్షియల్ స్కాన్ (టేబుల్ మొత్తం వరుసగా చదవడం) కనపడింది, కస్టమర్ ఐడీ, తేదీ కలిపి ఒకే ఇండెక్స్ వేస్తే సెకన్లు పట్టేది మిల్లీసెకన్లలో వచ్చేసింది. లైవ్‌లో మాత్రం కంకరెంట్లీ (CONCURRENTLY, రాతలు ఆపకుండా ఇండెక్స్ వేయమనే మాట) అని రాసి వేయండి, నేను ఓసారి అది లేకుండా వేస్తే ఇండెక్స్ అయ్యేదాకా కొత్త ఆర్డర్ ఒక్కటీ ఎక్కలేదు, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తే. అలాగని ప్రతి కాలమ్‌కీ వేయకండి, ఇన్సర్ట్ చేసిన ప్రతిసారీ అన్నిట్లోనూ రాయాలి.

పార్టిషన్ అంటే స్పీడ్ అనుకుంటారు చాలామంది. 2017లో వెర్షన్ 10 వచ్చాక చేయడం తేలికైంది నిజమే, కానీ నెలవారీగా విడగొట్టి క్వెరీలో తేదీ ఇవ్వకపోతే అన్ని ముక్కల్లోనూ వెతుకుతుంది, అప్పుడు ముందుకన్నా స్లో అవ్వచ్చు. పైగా ప్రైమరీ కీ (ప్రతి రోనీ విడిగా గుర్తించే కీ) పెడితే అందులో ఆ తేదీ కాలమ్ కూడా ఉండి తీరాలి. దీని అసలు లాభం పాత డేటా తీసేయడంలో: డిలీట్ కొడితే చచ్చిన రోలు మిగిలి వాక్యూమ్‌కి (వాటిని శుభ్రం చేసే పోస్ట్‌గ్రెస్ పనికి) పని పడుతుంది, అదే పాత నెల పార్టిషన్‌ని డ్రాప్ చేస్తే క్షణంలో అయిపోతుంది. పాతది ఎప్పటికీ తీసేయని టేబుల్‌కైతే నేను దీని జోలికి పోను.

పెద్ద సర్వర్ ఆఖరికి. అది కూడా షేర్డ్ బఫర్స్ (పోస్ట్‌గ్రెస్ డేటాని ర్యామ్‌లో ఉంచుకునే చోటు) డిఫాల్ట్ 128 ఎంబీ దగ్గరే వదిలేసి ర్యామ్ కొంటే దాని పూర్తి లాభం రాదు, ర్యామ్‌లో పావు వంతుతో మొదలుపెట్టండి.

కొత్త ఇండెక్స్ వేసేముందు పీజీ స్టాట్ యూజర్ ఇండెక్సెస్‌లో (pg_stat_user_indexes, ఏ ఇండెక్స్ ఎన్నిసార్లు వాడారో చూపేది) స్కాన్ కౌంట్ సున్నా ఉన్నవి చూసి తీసేయండి, కాకపోతే రెప్లికాలో (మెయిన్ సర్వర్ కాపీలో) కూడా చూశాకే, ఎందుకంటే మెయిన్ సర్వర్‌లో సున్నా ఉన్నదాన్నే అక్కడ రిపోర్టులు వాడుతుండొచ్చు.