తెలుగులో యెహోవా, తమిళంలో కర్తర్: రెండు బైబిళ్లు పక్కపక్కనే ఏళ్లుగా చదివాక

సండే స్కూల్ చెప్తాను కాబట్టి ఏ బైబిల్ కొనాలని సంఘంలో నన్ను అడుగుతూ ఉంటారు. మునుపు అక్షరాలు పెద్దవా చిన్నవా, జిప్పు కవరు ఉందా లేదా అన్నంతవరకే ఉండేది. ఈమధ్య "దేవుని అసలు పేరు ఉన్న బైబిల్ ఏది సిస్టర్?" అంటున్నారు. ఎవరో ఫోన్‌కు ఒక వీడియో పంపుతారు. యెహోవా అన్నది తప్పు పేరనీ, యేసు అన్నది గ్రీకులు పెట్టిన పేరనీ అందులో చెప్తారు. ఇక ఆ ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది, ఇన్నాళ్లూ చేసిన ప్రార్థన చేరిందా లేదా అని. ఈ భయం చూసే ఇది రాస్తున్నాను. మా ఇంట్లో ఏళ్లుగా చేతులు మారుతున్న బైబిళ్లు ఈ పేరు విషయంలో ఎక్కడ బాగున్నాయో, ఎక్కడ తక్కువపడ్డాయో చెప్తాను.

నేను రోజూ చదివేది పాత అనువాదం, అందరూ ఓవీ అనేది. మాది చిత్తూరు. మా అత్తగారు వేలూరు దగ్గరి పల్లెలో పుట్టినామె, ఆమెది తమిళ బైబిల్. మా వైపు ఇది వింతేమీ కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఇదంతా ఉత్తర ఆర్కాటు జిల్లాయే. 1853లో మొదలైన అమెరికన్ ఆర్కాటు మిషన్ అటు తమిళ ఊళ్లలోనూ, ఇటు చిత్తూరు, మదనపల్లె లాంటి చోట్లా పనిచేసింది. అందుకే మా సంఘాల్లో ఇప్పటికీ ఒకే బెంచీ మీద రెండు భాషల బైబిళ్లు కనబడతాయి. కుటుంబ ప్రార్థనలో నేను ఒక వచనం చదివితే ఆమె తర్వాతది చదువుతుంది. 23వ కీర్తన నేను "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు" అని ఎత్తుకుంటే, ఆమె "కర్తర్ ఎన్ మేయ్‌ప్పరాయిరుక్కిరార్" అని తనకు కంఠతా వచ్చింది చెప్తుంది. మా పాప చిన్నప్పుడే పట్టేసింది. "అవ్వా, నీ బైబిల్‌లో యెహోవా లేడా?" అంది.

ఉన్నాడు. హెబ్రీ పాత నిబంధనలో నాలుగు అక్షరాల ఆ పేరు దాదాపు 6,800 సార్లు వస్తుంది. తెలుగు ఓవీ దాన్ని యెహోవా అని పేరుగానే ఉంచింది. తమిళ పాత అనువాదం దాదాపు అన్నిచోట్లా కర్తర్, అంటే ప్రభువు, అని పెట్టింది. కొద్ది చోట్ల మాత్రమే పేరును బయటికి రానిచ్చింది. నిర్గమకాండము 6:3 తీసి అత్తమ్మకు చూపించాను. అబ్రాహాము ఇస్సాకు యాకోబులకు ఏ నామమున తెలియబడలేదని దేవుడు మోషేతో చెప్పే వచనం అది. అక్కడ తమిళంలోనూ యేకోవా అనే ఉంది. అబ్రాహాము ఇస్సాకును బలివ్వబోయిన కొండ దగ్గర, ఆదికాండము 22:14లో, యేకోవాయీరే. ఆమె ఆ రెండు చోట్లా పెన్సిల్‌తో గీత గీసుకుంది.

పేరును పేరుగా ఉంచడం ఓవీలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి. తిరుపతి చుట్టుపక్కల బతికేవాళ్లకు దీని విలువ తొందరగా తెలుస్తుంది. దేవుడు అనే మాట ఇక్కడ అందరిదీ. పక్కింటివాళ్లు కొండకు వెళ్లొచ్చి ప్రసాదం పెడుతూ "మీ దేవుడి పేరు యేసా, యెహోవానా?" అని మనసారా అడుగుతారు. హెబ్రీలోనూ దేవుడనే మాట అందరిదే. ఎలోహీమ్ అన్నది ఇశ్రాయేలు దేవునికీ వాడారు, ఇతర జనాంగాల దేవుళ్లకూ వాడారు. పది ఆజ్ఞల్లో "వేరొక దేవుడు" అన్నచోట ఉన్నదీ ఆ మాటే. కాబట్టి "నీ దేవుడనైన యెహోవాను నేనే" అన్నప్పుడు ఆ పేరు అక్కడ లేకపోతే వాక్యానికి సగం బలం పోతుంది. పక్కింటామెకు నేను ఆ వచనమే చదివి వినిపించాను.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఇంగ్లీషు బైబిళ్లలో ఆ నాలుగు అక్షరాలు వచ్చినచోట లార్డ్ అని మొత్తం పెద్ద అక్షరాల్లో అచ్చువేస్తారు. మామూలు ప్రభువు అన్న అర్థమైతే మొదటి అక్షరమే పెద్దది. చూడగానే తేడా తెలుస్తుంది. మన లిపిలో పెద్దక్షరం చిన్నక్షరం లేవు. తెలుగులోనూ రెండిటికీ ప్రభువు అనే పెట్టి ఉంటే మనకు ఆనవాలే దొరికేది కాదు. యెహెజ్కేలు గ్రంథంలో మాటిమాటికీ వచ్చే "ప్రభువగు యెహోవా సెలవిచ్చునదేమనగా" చూడండి. హెబ్రీలో అక్కడ అదోనాయ్, అంటే ప్రభువు, అనే మాట, ఆ వెంటనే నాలుగు అక్షరాల పేరు ఉన్నాయి. ఓవీలో రెండూ విడివిడిగా కనబడతాయి.

కొత్త నిబంధనకు వచ్చేసరికి ఇదే ఓవీ నాకు తక్కువపడింది. యోవేలు 2:32లో "యెహోవా నామమునుబట్టి" ప్రార్థన చేసేవారందరూ రక్షింపబడుదురని ఉంది. పౌలు రోమా 10:13లో ఆ మాటే ఎత్తి రాశాడు. తెలుగులో అక్కడ "ప్రభువు నామమునుబట్టి" అయిపోయింది. పౌలు రాసింది గ్రీకులో, గ్రీకులో క్యూరియోస్, అంటే ప్రభువు, అనే ఉంది, కాబట్టి అనువాదకులను తప్పుపట్టలేం. అయితే యోవేలు మాటను యేసుకు అన్వయించి పౌలు ఎంత పెద్ద మాట అంటున్నాడో తెలుగు చదువరికి అందదు. యెషయా 40:3లో అరణ్యంలో యెహోవాకు మార్గం సిద్ధపరచమంటే, మార్కు 1:3లో అది ప్రభువు మార్గం. డిసెంబరులో ప్రతి సంఘంలోనూ ఈ రెండూ చదువుతారు, రెండూ ఒకటేనని ఆగి చెప్పేవాళ్లు తక్కువ.

ఈ లంకె మా అత్తమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు. యోవేలులోనూ కర్తరే, రోమాలోనూ కర్తరే. యేసును పిలిచేదీ కర్తరాగియ యేసు, అంటే ప్రభువైన యేసు, అనే. అంతకంటే మేలైనది మత్తయి 22:44. మన ఓవీలో "ప్రభువు నా ప్రభువుతో చెప్పెను" అని ఉంటుంది. సండే స్కూల్లో ఈ వచనం వచ్చిన ప్రతిసారీ ఏ ప్రభువు ఏ ప్రభువుతో అని పిల్లలు అడుగుతారు. ఇది 110వ కీర్తనలోని మాట. హెబ్రీలో మొదటిది నాలుగు అక్షరాల పేరు, రెండోది నా ప్రభువు అనే మామూలు మాట. తమిళంలో మొదటిదానికి కర్తర్, రెండోదానికి ఆండవర్ అని వేర్వేరు మాటలున్నాయి. కొత్త నిబంధనలో కూడా ఆ తేడా నిలిచింది. ఇది విన్నాక మా అత్తమ్మ ముఖం వెలిగిపోయింది, తన బైబిల్‌కూ ఒక మెప్పు దక్కిందని.

అంటే తెలుగు బైబిల్ పేరును చూపించి లంకెను దాచింది, తమిళ బైబిల్ లంకెను చూపించి పేరును దాచింది. ఏ ఒక్కటీ మొత్తం ఇవ్వదు. ఇది ఇన్నేళ్ల వాడకంలో నాకు బలంగా కుదిరిన అభిప్రాయం.

ఇక యెహోవా అన్న ఉచ్చారణ తప్పంటున్నారు కదా, దాని సంగతి. హెబ్రీలో మొదట హల్లులే రాసేవారు. భక్తికొద్దీ యూదులు ఆ పేరును నోట పలకడం మానుకుని అదోనాయ్ అని చదివారు. తర్వాతి శతాబ్దాల్లో మసోరెట్లు అనే లేఖకులు అచ్చుల గుర్తులు చేర్చినప్పుడు, అదోనాయ్ అని చదవాలని గుర్తుచేయడానికి ఆ మాట అచ్చులను ఈ నాలుగు హల్లులకు తగిలించారు. రెండూ కలిపి చదివితే వచ్చిందే యెహోవా. పండితుల్లో ఎక్కువమంది యాహ్వే అన్నదే పాత ఉచ్చారణకు దగ్గరంటారు. సమరయులు ఆ పేరును ఎలా పలికేవారో అయిదో శతాబ్దంలో థియోడరెట్ అనే బిషప్పు గ్రీకు అక్షరాల్లో రాసిపెట్టాడు, అది ఈ పండితుల ఆధారాల్లో ఒకటి.

ఇంగ్లీషువాళ్లు కూడా ఒక దారిన లేరు. 1901 నాటి అమెరికన్ స్టాండర్డ్ అనువాదం జెహోవా అని నిండా వాడింది. దాన్ని సవరించి 1952లో తెచ్చినవాళ్లు మళ్లీ లార్డ్‌కు వెళ్లిపోయారు. 1966లో కాథలిక్కుల జెరూసలేం బైబిల్ యాహ్వే అని పెట్టింది. 2008లో వాటికన్ ఆరాధనలో ఆ పేరు పలకొద్దని, పాటల్లోనూ ప్రార్థనల్లోనూ ప్రభువు అనే అనాలని బిషప్పులకు లేఖ రాసింది. ఇంతమంది ఇన్నివిధాలుగా ఆలోచించిన విషయాన్ని అయిదు నిమిషాల వీడియో తేల్చేస్తుందని నేననుకోను.

మా మరిది అలాంటి వీడియోల్లో పడ్డాడు. యాహువా అనాలి, యెహోషువ అనాలి, యేసు అంటే ఆమేన్ చెప్పనన్నాడు. ఇంట్లో ప్రార్థన జరుగుతుంటే లేచి వరండాలోకి వెళ్లి నిలబడేవాడు. "వదినా, పేరు తప్పు పిలిస్తే ఎవరైనా పలుకుతారా?" అని అడిగాడు. నేను వాదన పెట్టుకోకుండా అపొస్తలుల కార్యములు 7:45 తీయమన్నాను. అక్కడ చెప్పింది మోషే తర్వాత ఇశ్రాయేలును నడిపించిన నూను కుమారుడైన యెహోషువ గురించి. గ్రీకులో ఆ చోట ఉన్న పేరు యేసూస్. క్రీస్తుకు ముందే యూదులే తమ లేఖనాలను గ్రీకులోకి మార్చుకుంటూ యెహోషువను అలా రాసుకున్నారు. జ్యూస్ అనే గ్రీకు దేవుడి పేరు నుంచి యేసు వచ్చిందన్న కథ అక్కడే తేలిపోతుంది. అపొస్తలులు ఆ పేరుతోనే బాప్తిస్మమిచ్చారు, ఆ పేరు కోసమే దెబ్బలు తిన్నారు. హెబ్రీ ఉచ్చారణ మీద అంత పట్టింపు ఉండి ఉంటే వాళ్లే దాన్ని వదిలిపెట్టేవారు కాదు. సిలువ మీద ప్రభువు పలికిన "ఏలీ, ఏలీ, లామా సబక్తానీ"ని మత్తయి అలాగే ఉంచి అర్థం కూడా రాశాడు. ఉంచాల్సినచోట ఉంచడం వాళ్లకు తెలుసు.

మరిది ఇప్పటికీ తన ప్రార్థనలో యాహువా అనే అంటాడు. నాకు అభ్యంతరం లేదు. హల్లెలూయలోని చివరి యా ఆ పేరే, యెషయా, యిర్మీయా పేర్ల చివర వినబడేదీ అదే. తనలా పలకనివాళ్ల ప్రార్థన చెల్లదని అన్నప్పుడు మాత్రం నేను ఊరుకోను. ఎనభై దాటిన అత్తమ్మ బతుకంతా కర్తరే అని పిలిచింది. ఆమె పిలుపు వినబడలేదని చెప్పే హక్కు ఎవరికీ లేదు.

యెహోవాసాక్షుల కొత్త లోక అనువాదం కూడా మా ఇంట్లో ఉంది. ఇంటికి వచ్చినవాళ్లు మర్యాదగా ఇచ్చి వెళ్లారు, నేను శ్రద్ధగానే చదివాను. అందులో కొత్త నిబంధనలో కూడా 237 చోట్ల యెహోవా అని పెట్టారు, రోమా 10:13తో సహా. పాత గ్రీకు ద్వితీయోపదేశకాండపు తునకలు ఐగుప్తులో దొరికాయనీ, వాటిలో హెబ్రీ అక్షరాల్లోనే ఆ పేరు ఉందనీ వాళ్లు చూపిస్తారు. ఆ తునకలు నిజమే. అయితే కొత్త నిబంధన గ్రీకు ప్రతులు 5,000కు పైగా దొరికాయి, ఒక్కదానిలోనూ ఆ నాలుగు అక్షరాలు లేవు. దొరకని దాన్ని ఊహించి వచనంలో పెట్టడం నాకు ఒప్పుదల కాలేదు. పైగా రోమాలో యెహోవా అని పెట్టేస్తే, పౌలు ఆ మాటను యేసుకు అన్వయించిన సంగతి పూర్తిగా కనుమరుగవుతుంది. పై వచనాల్లో, అంటే 10:9లో, ప్రభువంటే యేసేనని పౌలే చెప్పాడు.

వాడుక తెలుగులో వచ్చిన ఈజీ టు రీడ్ అనువాదం పిల్లలకు చాలా మేలు. ఓవీ గ్రాంథికంలో ఒకరి మాట ఎక్కడ ముగిసిందో వాళ్లకు తెలియదు, ఇందులో ఆ ఇబ్బంది లేదు. పాత నిబంధనలో యెహోవా అన్న పేరు ఇందులోనూ ఉంది. కంఠత వాక్యాలకు మాత్రం నేను ఓవీయే చెప్తాను, ఆ లయ నాలుక మీద నిలుస్తుంది.

కొనేవాళ్లకు ఒక్క మాట. వచనాల పక్కన రిఫరెన్సులు ఉన్న ప్రతి తీసుకోండి, డబ్బు కొంచెం ఎక్కువైనా సరే. రోమా 10:13 దగ్గర యోవేలు 2:32 అని చిన్న అక్షరాల్లో ఉంటే చాలు, మీ వేలు వెనక్కి వెళ్లి ఆ పేరును చూసి వస్తుంది. ఫోన్ యాప్‌లో రెండు అనువాదాలు పక్కపక్కన పెట్టుకోవచ్చు, తమిళం చదవడం వస్తే మత్తయి 22 అలాగే పెట్టుకుని చూడండి. పలచ కాగితం ప్రతుల్లో అవతలి అక్షరాలు ఇవతలికి కనబడి పెద్దవాళ్ల కళ్లకు కష్టమవుతుంది, కొనేముందు కీర్తనల దగ్గర తెరిచి వెలుతురులో పట్టి చూసుకోండి.

తర్వాతి ముద్రణలు వేసే పెద్దలకు నా మనవి ఇది. వచనాన్ని ముట్టుకోవద్దు. కొత్త నిబంధనలో పాత నిబంధన మాట ఎత్తి రాసిన ప్రతిచోటా, హెబ్రీలో యెహోవా అని ఉంటే, ఆ ప్రభువు మీద ఒక నక్షత్రం గుర్తు వేసి పేజీ కింద ఒక పంక్తి రాయండి. మత్తయి 22:44తో మొదలుపెట్టండి, మా సండే స్కూల్ పిల్లలు ఎక్కువసార్లు అడిగేది ఆ వచనం గురించే.