తోటలో గదులు కట్టాలా, పూట భోజనం పెట్టాలా: తిరుపతి చుట్టుపక్కల రైతుకు ఏది మేలు?

2025 జూన్‌లో మా చిన్నాన్న తోతాపురి మామిడి కాయలు ట్రాక్టరుకు ఎత్తుకుని పోయి, గుజ్జు ఫ్యాక్టరీ గేటు బయట వరుసలో రెండు రాత్రులు పడుకున్నాడు. ఆ ఏడు ప్రభుత్వం ప్రకటించిన ధర కిలోకు 12 రూపాయలు. అందులో ఫ్యాక్టరీ ఇవ్వాల్సింది 8, ప్రభుత్వం ఇచ్చేది 4. వరుస కదిలేలోపు అడుగున ఉన్న కాయ మగ్గి ట్రాలీ సందుల్లోంచి రసం కారడం మొదలైంది. మూడో రోజు ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటూ, "ఒక్క కాయనే నమ్ముకుంటే లాభం లేదు నాయనా. తోటలో రెండు గదులు కడదామనుకుంటున్నాను. కొండకు వచ్చేవాళ్లు ఇంతమంది ఉన్నారు కదా, మన దగ్గరా ఉంటారు" అన్నాడు.

ఆ ఆలోచన ఇప్పుడు మా వైపు చాలామంది రైతుల్లో ఉంది. తిరుమలకు రోజుకు అరవై, డెబ్భై వేల మంది భక్తులు వస్తారు. వాళ్లలో నూరు మందికి ఒకరు మన తోట వైపు తిరిగినా చాలు కదా అనిపిస్తుంది. నిజమే, కానీ ఆ ఒక్కరు ఎందుకు తిరగాలి, ఎంతసేపు ఉంటారు, దేనికి డబ్బు ఇస్తారు అన్నది చూడకుండా సిమెంటు, ఇటుకలు దింపకూడదు. ఏడాదిగా మేమిద్దరం వేసిన లెక్కలు, చుట్టుపక్కల చూసినవి కలిపి ఇక్కడ రాస్తున్నాను. రైతు ముందున్న దారులు మూడు: గదులు కట్టి రాత్రి బస ఇవ్వడం, పూటకు రమ్మని తోట చూపించి భోజనం పెట్టడం, తోటను బయటివాళ్లకు లీజుకు ఇవ్వడం.

మూడోది ముందే తేల్చేస్తాను. ఏడాదికి ఇంత అని ఒకేసారి చేతికి వస్తుంది కాబట్టి లీజు ఊరటగా కనిపిస్తుంది. అయితే వచ్చినవాళ్లు ముందు చేసే పని చెట్లు తీసి పచ్చిక వేయడం, ఈత కొలను తవ్వడం. ముప్ఫై ఏళ్ల మామిడి చెట్టు పోతే అది ఆ రైతు జీవితకాలంలో తిరిగి రాదు. ఇటలీలో 1985లోనే వ్యవసాయ పర్యాటకానికి చట్టం చేశారు. అందులోని మూల నియమం ఒక్కటే: సాగు ప్రధానంగా ఉండాలి, అతిథుల పని దానికి తోడుగా ఉండాలి. లీజు ఆ వరుసను తలకిందులు చేస్తుంది. కాబట్టి నాకు అది వ్యవసాయ పర్యాటకం కిందకే రాదు.

ఇక అసలు పోటీ గదులకు, పూట భోజనానికి మధ్య.

గదుల లెక్క చూద్దాం. స్నానాల గదితో కలిపి రెండు గదులకు 12 లక్షలు అప్పు తెచ్చామనుకుందాం, వడ్డీ నూటికి 11. మొదటి ఏడాది వడ్డీయే 1,32,000 రూపాయలు. గదికి రాత్రికి 2,000 తీసుకుంటే దుప్పట్లు ఉతకడం, కరెంటు, ఉదయం టిఫిను, ఆన్‌లైన్ బుకింగ్ కమీషను పోను 1,200 మిగులుతుందని అనుకుందాం. ఒక్క వడ్డీ కట్టడానికే 110 గది-రాత్రులు కావాలి. అసలును ఏడేళ్లలో తీర్చాలంటే ఏడాదికి ఇంకో 1,71,000, అంటే మరో 143 రాత్రులు. రెండు గదులూ ఏడాదిలో తలా 127 రాత్రులు నిండితే ఆ ఏటి అప్పు వాయిదా తీరుతుంది, చిన్నాన్న చేతికి మాత్రం దాదాపు ఏమీ రాదు. ఈ అంకెలు మీ ఊరిలో మారవచ్చు. మీవి మీరు వేసుకోండి, కానీ వేసుకోకుండా పునాది తవ్వకండి.

పైగా తిరుపతి వైపు గదికి పోటీ మామూలుది కాదు. కొండ మీద దేవస్థానం గదులు ఉన్నాయి. కింద శ్రీనివాసం, విష్ణు నివాసం, మాధవం అనే దేవస్థానం వసతి గృహాలు ఉన్నాయి. వాటి చుట్టూ లెక్కలేనన్ని లాడ్జీలు. భక్తుడి రాత్రి అతని చేతిలో ఉండదు. దర్శనం టోకెన్ ఏ వేళకు దొరికితే ఆ వేళకు కొండ మీద ఉండాలి. తెల్లవారుజామున మూడింటికి లేవాల్సినవాడు పాకాల దాటి ఎక్కడో తోటలో ఎందుకు పడుకుంటాడు? బస్టాండు పక్కన గది ఎంత ఇరుకైనా దానికే పోతాడు. కొండకు వచ్చే జనాన్ని చూసి గదులు కట్టాలనుకునే రైతు మరిచిపోయేది ఈ సంగతే.

దర్శనం అయిపోయాక కథ మారుతుంది. గుండు మీద గంధం, చేతిలో లడ్డూ సంచి, రైలు రాత్రికి. మధ్యలో ఐదారు గంటలు ఖాళీ. లేదా సొంత కారులో కాణిపాకం, తిరుమల, శ్రీకాళహస్తి చుట్టి మద్రాసు వైపో బెంగళూరు వైపో తిరుగు ప్రయాణం. పిల్లలు క్యూలో నిలబడి విసిగిపోయి ఉంటారు, పెద్దవాళ్లకు కాళ్లు లాగుతుంటాయి. వాళ్లకు కావాల్సింది నీడ, శుభ్రమైన మరుగుదొడ్డి, వేడి భోజనం, పిల్లలు పరిగెత్తడానికి నేల. వాటిలో ఏదీ 12 లక్షల పని కాదు.

మొన్న సంక్రాంతి దాటాక మా పక్క తోటలో బెల్లం వండుతుంటే ఒక కుటుంబాన్ని తీసుకుపోయాను. హుబ్లీ వైపు వాళ్లు, మొత్తం తొమ్మిది మంది. గానుగ నుంచి వచ్చిన రసం పెద్ద పెనంలో కాగుతోంది. వండే ఆయన సున్నపు నీళ్లు చిలకరించగానే నల్లటి మడ్డి పైకి తేలింది. దాన్ని చిల్లుల గరిటెతో తోడి పక్కన పోశాడు. రసం రంగు బురద నుంచి తేనెకు, తేనె నుంచి ఎర్రమట్టికి మారేదాకా ఆ తొమ్మిది మందిలో ఒక్కరూ ఫోను వైపు చూడలేదు. పాకం ముదిరే ముందు ఆయన చెరకు ముక్క కొన అందులో ముంచి, నీళ్లలో తిప్పి చిన్నపిల్ల చేతికిచ్చాడు. ఆ పిల్ల కొరికితే పాకం దారంలా సాగింది. "ఇంకోటి" అని కన్నడంలో అడిగింది, భాష రాకపోయినా అక్కడ ఉన్నవాళ్లందరికీ అర్థమైంది. వాళ్ల నాయనమ్మ మాత్రం వేపచెట్టు కింద నులక మంచం మీద గంటన్నర నిద్రపోయింది. పోయేటప్పుడు పన్నెండు కిలోల బెల్లం కొన్నారు. మండీలో పలికే ధర కంటే ఎక్కువకే కొన్నారు, పైగా సంతోషంగా కొన్నారు.

నా మొగ్గు పూట భోజనం వైపు తిరిగింది ఆ రోజే. మన దగ్గర పంట క్యాలెండరే అతిథుల క్యాలెండర్ కూడా. జనవరి, ఫిబ్రవరిలో చెరకు గానుగ. మేలో బేనీషా (బంగినపల్లి) మామిడి దిగుతుంది, జూన్, జూలైలో తోతాపురి, నీలం. బ్రహ్మోత్సవాలు, దసరా సెలవుల నాటికి వేరుశెనగ పీకుతారు. ఉప్పు వేసి ఉడకబెట్టిన పచ్చి కాయలకు ఎవరు కాదంటారు? ఆగస్టులో చూపించడానికి పెద్దగా ఏమీ ఉండదు, అప్పుడు ఎవరినీ పిలవకుండా ఊరుకోవచ్చు. పూట భోజనానికి ఆ స్వేచ్ఛ ఉంది. అప్పు మీద కట్టిన గదికి లేదు, ఆగస్టులోనూ వడ్డీ నడుస్తూనే ఉంటుంది.

లెక్క కూడా చెప్పాలి. ఒక రేకుల పందిరి, ఆడవాళ్లకు, మగవాళ్లకు వేరుగా మరుగుదొడ్లు, తాగునీరు, బావి చుట్టూ పిట్టగోడ కలిపి 2 లక్షలు అనుకుందాం. మనిషికి 400 తీసుకుంటే సరుకులు, కూలి పోను 180 మిగలాలి. ఏడాదిలో ముప్ఫై రోజులు, రోజుకు ఇరవై మంది వస్తే 1,08,000. రెండేళ్లలోపు పెట్టుబడి తిరిగి వస్తుంది. ఈ మొత్తాన్ని కాయ ధర పక్కన పెట్టి చూడండి. ఐదెకరాల్లో ఎకరాకు నాలుగు టన్నుల చొప్పున 20 టన్నులు కాస్తే, కిలో 8కి, 12కి మధ్య తేడా 80 వేలు. ఫ్యాక్టరీ గేటు దగ్గర రెండు రాత్రులు పడుకుని ఎదురుచూసిన ఆ తేడా కంటే, ముప్ఫై మధ్యాహ్నాల భోజనం కాస్త ఎక్కువే తెచ్చిపెడుతుంది.

ఇందులో కూలి అన్నది ఎవరి కూలి? ఇరవై మందికి సంగటి గెలికేది, ఊరుబిండి పచ్చడి నూరేది మా చిన్నమ్మ. ఇంటి ఆడవాళ్ల చాకిరీని ఖర్చులో వేయకపోతే ఏ లెక్కయినా లాభంగానే కనిపిస్తుంది. ఆమెకూ, సాయానికి వచ్చే ఇద్దరికీ రోజు కూలి రాసుకున్నాకే ఆ 180 మిగలాలి. మిగలకపోతే ధర పెంచాలి, లేదా మానుకోవాలి. ఇంకొక మాట: కొండ నుంచి దిగినవాళ్లలో చాలామంది ఆ రోజు మాంసం ముట్టరు. నాటుకోడి పులుసు మీద ఆశ పెట్టుకున్నవాళ్లు ఆ వంట వేరు రోజున, వేరు పొయ్యి మీద పెట్టుకోవాలి.

పూట భోజనం అన్ని చిక్కులూ తీర్చదు. 20 టన్నుల తోతాపురి సంచుల్లో అమ్ముడుపోదు, ఫ్యాక్టరీతో పని ఉంటుంది. పైగా ఇంటికి తీసుకుపోవడానికి వచ్చినవాళ్లు అడిగేది బేనీషా, ఇమాంపసంద్, మల్గూబా. కాయంతా తోతాపురే అయిన తోట వాళ్లకు పండ్ల బుట్ట కాలేదు. కానీ అదే తోతాపురిని పచ్చిగా ఉన్నప్పుడు పొడవుగా చీల్చి ఉప్పు, కారం చల్లి ఇస్తే తిరుపతి వీధుల్లో ప్లేటు ఎంతకు పోతుందో మీకు తెలుసు. కిలోలో అలాంటి ప్లేట్లు ఎన్నో వస్తాయి. తోటకు వచ్చిన పిల్లలు కొమ్మ వంచి తామే కోసిన కాయకు కారం అద్దుకుని తింటుంటే, కిలోకు 8 రూపాయలని ఫ్యాక్టరీ కట్టిన ధర ఆ కాయ అసలు విలువ కాదని నాకు గట్టిగా అనిపించింది.

గదులు ఎక్కడా పనికిరావని నేను అనను. పలమనేరు, కుప్పం వైపు వేరు. అక్కడికి బెంగళూరు దగ్గర, గాలి చల్లన. వచ్చేది దర్శనం టోకెన్ చేతిలో ఉన్న భక్తులు కాదు, శని, ఆదివారాలు నగరం నుంచి పారిపోయి వచ్చే కుటుంబాలు. వాళ్లకు రాత్రే ముఖ్యం. టమాటా తోట, పట్టుపురుగుల షెడ్డు, రెండు మూడు అడుగుల ఎత్తుండే పుంగనూరు ఆవు, పొద్దున్నే పాలు పితకడం, ఇవన్నీ చూడాలంటే ఉండాల్సిందే. అక్కడ గది నిండే అవకాశం ఎక్కువ. అయితే కౌండిన్య అడవి అంచున ఉన్న పొలాలకు రాత్రుళ్లు ఏనుగులు వస్తాయి. ఆ ఊళ్లలో బస అంటే సౌర కంచె, కాపలా, అటవీ సిబ్బందితో మాట్లాడుకోవడం అన్నీ ముందే చూసుకోవాలి. తలకోన దారిలో జలపాతం కోసం వచ్చేవాళ్లు ఉంటారు, అక్కడా ఇంట్లో ఇప్పటికే ఖాళీగా ఉన్న గదిని బాగు చేసి ఇవ్వడం మంచిదే. కొత్త అప్పు లేని గది ఎప్పుడూ మేలే.

కాగితాల సంగతి క్లుప్తంగా. పంట మీద వచ్చే ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు, కానీ అతిథుల నుంచి తీసుకున్న డబ్బు పంట ఆదాయం కాదు. దాన్ని వేరే పుస్తకంలో రాయండి. భోజనం పెట్టి డబ్బు తీసుకుంటే ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు కావాలి. సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ వస్తుంది. మన స్థాయికి అది దూరం. విదేశీయులకు బస ఇస్తే 24 గంటల్లో వివరాలు ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి. పూటకు వచ్చి పోయేవాళ్ల విషయంలో ఈ బాధ లేదు. మహారాష్ట్ర 2020లో వ్యవసాయ పర్యాటకానికే ప్రత్యేక విధానం తెచ్చింది. బారామతి వైపు రైతులు అంతకు ఎన్నో ఏళ్ల ముందే మొదలుపెట్టారు.

కాగితాల కంటే నాకు ఎక్కువ భయం బావులంటే. మా వైపు పాత దిగుడు బావులకు పిట్టగోడ ఉండదు. మన పిల్లలకు ఆ అంచు తెలుసు, నగరం పిల్లలకు తెలియదు. మందు కొట్టిన తోటలోకి ఎవరినీ రానివ్వకూడదు, డబ్బా మీద రాసిన గడువు పూర్తయ్యేదాకా కాయ కోయనివ్వకూడదు. ఆ రోజుకు బుకింగ్ ఉన్నా సరే, ఫోను చేసి వద్దని చెప్పాల్సిందే.

చిన్నాన్న గదుల ప్లాను కాగితం మడిచి బీరువాలో పెట్టాడు. ఈ వర్షాలకు ఇరవై ముదురు తోతాపురి చెట్ల కొమ్మలు కొట్టి, వచ్చే చిగుర్లకు బేనీషా, ఇమాంపసంద్ అంటు కట్టిస్తున్నాడు. బావికి పిట్టగోడ లేచింది, మరుగుదొడ్లకు గుంత తవ్వారు. వచ్చినవాళ్ల పేర్లు రాసే నోటుపుస్తకంలో చివర ఒక గడి గీశాడు: "రాత్రి ఉండడానికి గది ఉందా అని అడిగినవారు." అడిగినప్పుడల్లా అందులో ఒక గీత పెడతాడు. ఏడాదిలో నూరు గీతలు దాటితే బీరువా తెరుస్తానన్నాడు. నిన్నటికి ఏడు ఉన్నాయి.