ఎంసీఏ పట్టా: పదమూడేళ్ల వాడకం తర్వాత

బీఎస్సీ గణితం చదివి, ఐసెట్ ప్రవేశ పరీక్ష రాసి 2009లో ఎంసీఏలో, అంటే కంప్యూటర్ అప్లికేషన్స్ పీజీ కోర్సులో చేరాను. అప్పట్లో మూడేళ్లు, ఆరు సెమిస్టర్లు. 2012లో చేతికొచ్చిన పట్టాతోనే ఇన్నాళ్లూ బతుకుతున్నాను కాబట్టి మంచిచెడ్డలు చెప్పే హక్కు ఉందనుకుంటాను.

మొదటి సెమిస్టర్లో అకౌంటెన్సీ పేపరు చూసి తరగతంతా నవ్వాం. కంప్యూటర్లు నేర్చుకోవడానికి వస్తే జమాఖర్చులేమిటని! డెబిట్, క్రెడిట్ బట్టీపట్టి గట్టెక్కాను. తీరా ఉద్యోగంలో తొలి పని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. రద్దయిన బిల్లును తుడిచేయకూడదు, దానికి ఎదురు పద్దు రాయాలన్న సంగతి మా జట్టులో నాకొక్కడికే తెలుసు. నాతో చేరిన బీటెక్ మిత్రుడు డిలీట్ కొట్టేసి, నెలాఖరున లెక్క కుదరక రెండు రాత్రులు నిద్ర మానుకున్నాడు.

డేటాబేస్, ఆపరేటింగ్ సిస్టమ్స్ కూడా అంతే. నార్మలైజేషన్ (ఒకే సమాచారం పదేపదే నిల్వ కాకుండా టేబుళ్లను విడగొట్టడం) చెబుతుంటే ఆవలింతలు వచ్చేవి, ఈనాటికీ అన్నం పెడుతున్నది అదే. ఎగబడి నేర్చుకున్న జావా ఆప్లెట్లు (వెబ్ పేజీలో నడిచే చిన్న ప్రోగ్రాములు) మాత్రం 2017లో జావా 9తో అధికారికంగానే కాలం చెల్లిన సరుకయ్యాయి.

ల్యాబుల సంగతి చెప్పకపోవడమే మేలు. సీ భాషలో ప్రోగ్రాములు రాసే పాత సాఫ్ట్‌వేర్ టర్బో సీ నీలి తెర ముందు కూర్చున్న సమయం కన్నా రికార్డు ఎత్తిరాసిన సమయమే ఎక్కువ. ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టును సగం తరగతి హైదరాబాద్ అమీర్‌పేటలో కొని, బైండింగ్ చేయించి సమర్పించింది. నేనూ ఆ సగంలోనే ఉన్నాను. వైవాలో ‘ఈ టేబుల్‌కు ప్రైమరీ కీ (ప్రతి వరుసనూ విడిగా గుర్తించే గడి) ఏది?’ అని అడిగితే నీళ్లు నమిలాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

ఉద్యోగాల వేటలో ‘బీటెక్ వారికి మాత్రమే’ అన్న ప్రకటనలు చాలా బాధించాయి. మూడేళ్ల అనుభవం వచ్చాక పట్టా సంగతి ఎవరూ అడగలేదు.

2020-21 నుంచి సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ ఈ కోర్సును రెండేళ్లకు కుదించింది. డిగ్రీలోనే కంప్యూటర్లు నేర్పే బీసీఏ చదివినవారికి అది లాభమే. నాలాగా కంప్యూటర్ వాసన తెలియకుండా వచ్చేవారికి మాత్రం ఊపిరి సలపదు. చేరేముందే సీ భాష, డేటాబేస్‌తో మాట్లాడే ఎస్‌క్యూఎల్ కాస్త చూసుకోవాలి. ఐసెట్ రాసిన మా పిన్ని కొడుక్కి ఇదే చెప్పాను. ప్రాజెక్టు కూడా సొంతంగా చేసుకోమన్నాను. ఎంతకు దొరుకుతుందో అప్పుడే కనుక్కున్నాడట.